సీట్లు నిండినాయంట

బొరుగులు నీళ్లలో వేసి, పిడికిలితో పిండి పళ్లెంలోకి తీస్తున్నాను. ఎనభై ఏడులో, జూన్ నెల ఆదివారం పొద్దున. హాల్లో కాలేజీ కమిటీ కూర్చుంది. మా ఆయన వాదిరాజ ప్రిన్సిపాల్ అయినప్పటినుంచి ఈ మీటింగులన్నీ మా ఇంట్లోనే. కాలేజీలో పెడితే టిఫిన్లు హోటలు నుంచి తెప్పించాలి, ఇంట్లో అయితే వేదవతి ఉంది కదా! ఆదోనిలోని ఆ కాలేజీలోనే హిస్టరీ లెక్చరర్ అయిన వేదవతీ, బొరుగుల ఉగ్గానికి పోపు పెట్టే వేదవతీ ఇద్దరూ నేనే. కానీ హాల్లోకి రెండో ఆమెనే రానిస్తారు, అదీ చేతిలో పళ్లెం ఉంటేనే.

"వేదా, బజ్జీలు వేడిగా ఉండాలి. చల్లారితే లక్ష్మప్పగారు ముట్టరు" అని పొద్దున్నే హెచ్చరించాడు ఆయన. దేనికి మీటింగు అంటే, ఏదో బిల్డింగు సంగతి అన్నాడు.

మొదటి వాయి బజ్జీలు హాల్లో ఇచ్చి వచ్చి, రెండో వాయికి మిరపకాయలు పిండిలో ముంచి బాణలిలో వేస్తుంటే లక్ష్మప్ప గొంతు వినిపించింది. కమిటీ సెక్రెటరీ, పత్తి మిల్లుల యజమాని.

"గవర్నమెంటు గ్రాంటులిచ్చే కాలం పోయిందప్పా. కాలేజీ గూడా మిల్లు లెక్కనే. ఏ సరుకు అమ్ముడుపోతాదో అదే పెట్టుకోవాల. నాకు కంప్యూటరు నేర్చినోడు కావాల గాని, అశోకుడు సెట్లు నాటించినాడని సెప్పేటోడు ఎందుకు?"

అందరూ నవ్వారు. మా ఆయన నవ్వు అందరికంటే పైకి వినిపించింది. ఆ తర్వాత ఆయన మాట: "హిస్టరీకి ఈ ఏడు నలుగురే చేరినారు. డిమాండు లేదు. తీసేసి ఆ గదిలో కంప్యూటర్ కోర్సు పెడదాం, ఫీజులతోనే నడుస్తుంది. మా ఆమెదేముంది, లైబ్రరీలో పుస్తకాలు సర్దుకుంటుంది లెండి."

బాణలిలో బజ్జీలు మాడిపోయాయి. దేవుడి గదిలోంచి మా అత్తగారు సరస్వతీబాయి కూడా విన్నట్టుంది. "పోతే పోయిందిలే, ఇంక మడి వంటన్నా కుదురుగా చేస్తావు" అంది.

రెండేళ్లుగా నా క్లాసులో పిల్లలు తగ్గిపోతుంటే తప్పు నాదేననుకున్నాను. నా గొంతు బాగాలేదేమో, నా పాఠం పాతబడిందేమో అని బీఏ నాటి పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. ఒకరోజు ఏడ్చేశాను కూడా. "తప్పు నీ పాఠానిది కాదు వేదా, కాలం అట్లుంది" అని మా ఆయన నా తల నిమిరాడు. ఆ చేతిని నమ్మాను. ఆయన వేదికలెక్కి చదివే ప్రతి ఉపన్యాసమూ నేను రాసిచ్చిందే. చదువు మనిషిని నిటారుగా నిలబెట్టాలి అంటూ ఆయన చప్పట్లు కొట్టించుకున్న వాక్యం, నేను చారులో ఉప్పు చూస్తూ చెప్పింది. పోయిన వారం "కొత్త కోర్సు ప్రారంభానికి నాలుగు మంచి మాటలు రాసివ్వు" అన్నాడు. మన కాలేజీకి కంప్యూటరు కూడా వస్తోందని సంబరపడి రాసిచ్చాను. దేన్ని తీసేసి పెడుతున్నారని అడగలేదు. ఎంత వెర్రిమొహాన్ని!

పెరటి తలుపు దగ్గర ఎవరో "అమ్మా" అన్నారు. చూస్తే నడివయసు మనిషి, పక్కన చేతిసంచీ పట్టుకున్న అమ్మాయి.

"సువార్తమ్మనమ్మా, కూలి పని చేసుకునేటోళ్లం. ఎమ్మిగనూరు కాడినుంచి బస్సెక్కి వచ్చినాము. మా శాంతమ్మ మీ కాడ హిస్టరీ సదవాలని ఒకటే పోరు. మీ కాడ సదివిన పిల్ల మా ఊరి బడిలో టీచరు అయినాది గదా, అప్పటినుంచి. పోయినేడు వస్తే సీట్లు నిండినాయన్నారు. ఈసారి ముందుగాల వచ్చినా, మళ్లా నిండినాయంట! మా ఊరి పిల్లోళ్లందరికీ అట్లనే సెప్పి పంపిచ్చినారు. యాడన్న ఒక మూలకు కూసుంటాది తల్లీ, ఒక్క సీటు ఇప్పియ్యి."

"నిండినాయని ఎవరు చెప్పినారు సువార్తమ్మా?"

"పెద్దసారే. నిన్ననే."

శనగపిండి చేతులతో అట్లాగే నిలబడిపోయాను. నా పాఠాన్ని కాలం చంపలేదు. నా మొగుడే కాలేజీ గుమ్మంలో నిలబడి పిల్లల్ని వెనక్కి పంపించాడు, సాయంత్రం ఇంటికొచ్చి నా తల నిమిరాడు. ఏడుపు రాలేదు.

"వేదా, టీ!" హాల్లోంచి కేక.

స్టవ్ ఆర్పి చేతులు కడుక్కున్నాను. "రా సువార్తమ్మా. నువ్వూ రామ్మా శాంతా."

"లోపలనుంచా తల్లీ?" సువార్తమ్మ గడప దగ్గర ఆగిపోయింది.

"ఏమే, వంటింట్లోంచి తీసుకుపోతావా వాళ్లను?" అత్తగారు కెవ్వుమంది.

"అవునత్తయ్యా, వంటింట్లోంచే."

శాంతమ్మ చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచాను. లక్ష్మప్ప బజ్జీ నములుతూ చూశాడు. "టీ యాడమ్మా?"

"టీ లేదు సార్. డిమాండు వచ్చింది."

మా ఆయనవైపు తిరిగాను. "సీట్లు నిండినాయని నిన్న వీళ్లకు చెప్పారంట. నలుగురే చేరినారని ఇప్పుడు కమిటీకి చెప్పారు. అందరూ ఇక్కడే ఉన్నారు. అందరికీ కలిపి ఒకే మాట చెప్పండి."

ఆయన లేచి నిలబడ్డాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని నావైపు చూశాడు. ఏ వేదిక మీద మాట తడబడినా అట్లాగే చూసేవాడు, ముందు వరసలోంచి నేను మాట అందించేదాన్ని.

గోడ వారన ఉన్న కుర్చీలు లాగి సువార్తమ్మకూ పిల్లకూ వేశాను. వాళ్ల పక్కన ఇంకొకటి వేసుకుని, ఆయన ఏం చెప్తాడో వినడానికి కూర్చున్నాను.