మేడగదిలో పేము కుర్చీ

నేను ఒక పేము కుర్చీని. ఎత్తయిన వీపు, అట్ట పెట్టుకుని రాసుకునేంత వెడల్పు చేతులు నాకున్నాయి. రాజమండ్రిలో అప్పలస్వామి అనే పనివాడు నన్ను అల్లాడు. బెత్తాన్ని నీళ్ళలో నానబెట్టి, సెగ చూపించి, మోకాలు ఆనించి వంచేవాడు. నేను మొరాయిస్తే, "కాసేపేనే బాధ. ఒకసారి వంగేక నీకే అలవాటైపోద్ది" అనేవాడు. ఆ మాట మనుషులు మనుషులతో కూడా అంటారని హైదరాబాదు వచ్చాకే తెలిసింది.

టీవీ సీరియళ్ళు తీసే వీరభద్రం గారు నన్ను కొని, శ్రీనగర్ కాలనీలోని తన ఆఫీసు మేడగదిలో వేయించారు. అది రచయితల గది. ఉన్న ఒక్క కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. తలుపుకు గొళ్ళెం బయటివైపు ఉండేది. "రాసేవాళ్ళకి ఎవరూ అడ్డు రాకూడదండి" అని ఆయన ఆ గొళ్ళేన్ని కూడా ఒక సౌకర్యంలాగే చూపించేవారు.

ఆ గదిలోకి తెనాలి నుంచి హైమవతి వచ్చింది. అప్పటికి రేడియో నాటికలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆమె రాయాల్సిన సీరియల్ 'గడప దాటని గౌతమి'. అత్తింట్లో నోరెత్తని కోడలు గౌతమి, కథ చివర్లో ఆ గడప దాటి వెళ్ళి బడిలో టీచరుగా చేరుతుంది. మూడు నెలల్లో అయిపోయే కథ.

హైమవతి మాటల్ని పైకి అనుకుంటూ రాసేది. అత్తగారి మాటలప్పుడు నా వీపుకు చేరగిలబడేది. గౌతమి మాటలప్పుడు నా అంచుకు జరిగేది. ఏ సీను నడుస్తోందో నాకు ఆ బరువును బట్టే తెలిసేది.

మూడు నెలలయ్యాక గౌతమి ఇల్లు వదిలే సీను రాసింది. వీరభద్రం గారు మెట్లెక్కి వచ్చి, కాగితాలు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"బాగా రాసేవమ్మాయ్. కానీ జనం ఎగబడి చూస్తన్నారు. ఇప్పుడు దాన్ని బయటికి పంపితే మనవూ దాంతోపాటే పోతాం. జొరం తెప్పించు."

గౌతమికి జ్వరం వచ్చింది. అది తగ్గేసరికి అత్తగారు మెట్ల మీంచి జారిపడింది. ఆవిడ లేచి తిరిగేసరికి ఇంటి తాళాలు పోయాయి. అలా ఏళ్ళు గడిచాయి. గౌతమి వేషం వేసే సుచరిత అప్పుడప్పుడు మేడగదికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది.

"అక్కా, నన్నెప్పుడు పంపిస్తావు? బజారుకెళ్తే చాలు, ముసలమ్మలు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నారు."

"నేను బయటపడితేగా నిన్ను పంపించేది" అని నవ్వేది హైమవతి. ఆమెకు ఒక సినిమా కథ మనసులో ఉండేది. రాద్దామని కూర్చుంటే చాలు, రేపటి సీన్లు ఏవని కింది నుంచి కబురొచ్చేది.

వీరభద్రం గారికి గుండె జబ్బు చేసింది. కంపెనీని హైమవతి చేతిలో పెట్టి ఊరెళ్ళిపోయారు. ఇక కథ ముగిసినట్టేనని నేను అనుకున్నాను. ఆమె కూడా అనుకుంది. అది తెలిసి మేకప్ వేసే రాములమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఇంకొక్క ఏడాది నడిపియ్యమ్మా. మా పిల్ల పది సదువుతాంది. ఇప్పుడు పని పోతే బడి మాన్పియ్యాలె." ఆమె వెనక లైట్లు పట్టేవాళ్ళు, వంటవాళ్ళు. హైమవతి వాళ్ళందరి ముఖాలూ చూసింది. సీరియల్ ఆగలేదు.

నిర్మాతకు రాసే తీరిక ఉండదు కదా. అందుకని బాపట్ల నుంచి సాల్మన్ రాజును పిలిపించింది. మెతక మనిషి, నాలో కూర్చున్నా బరువు తెలిసేది కాదు. హైమవతి అతన్ని ఆదరంగానే చూసింది. గొళ్ళెం మాత్రం తీయించలేదు.

ఒకరోజు పొద్దున్నే అతనికి ఫోనొచ్చింది. లేచి తలుపు లాగాడు, రాలేదు. బాదాడు. హైమవతి వచ్చి గొళ్ళెం తీసింది.

"మేడమ్, మా ఆవిడకి నెప్పులొస్తన్నాయంట. తొలికాన్పు. ఎల్లొత్తానండి."

"వెళ్ళు నాయనా, వెళ్ళక తప్పుతుందా. రేపటి సీన్లు ఇచ్చేసి వెళ్ళు. అరగంట పని. గౌతమికి జ్వరం తెప్పించు."

అతను నాలో కూలబడ్డాడు. చాలాసేపు చెయ్యి కదల్లేదు. తర్వాత ఆపకుండా రాశాడు. రాస్తుండగానే మళ్ళీ ఫోను మోగింది. విని, "ఆడపిల్లా? తల్లి మాట్లాడతందా?" అని అడిగాడు. తల్లి క్షేమమేనని విన్నాక మోచెయ్యి నా మీద పెట్టి తల ఆనించుకున్నాడు. కాగితాలు హైమవతి చేతిలో పెట్టి, ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆమె నిలబడే పైకి చదివింది. మంచం మీంచి గౌతమి, "ఒకసారి నా దగ్గరికి రారూ" అంటుంది. భర్త గుమ్మంలోంచే, "వస్తాను. అరగంట పనుంది" అంటాడు. హైమవతి అక్కడితో చదవడం ఆపేసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చి నాలో కూర్చుంది. నా అంచున. వీరభద్రం గారు జేబులో పెట్టుకుపోయిన సీనును మొదటి నుంచి రాసింది.

మర్నాడు హైమవతి కూర్చోవడానికని నన్నూ సెట్టుకు తీసుకెళ్ళారు. అక్కడొక చిక్కు వచ్చింది. గౌతమి ఏనాడూ వెళ్ళలేదు కాబట్టి, ఆ ఇంటి గుమ్మానికి అవతల ఎవరూ ఏమీ కట్టలేదు. తలుపు తీస్తే మూరెడు సందు, ఆపైన చెక్క గోడ. చుట్టాల వేషాలు వేసేవాళ్ళు ఆ సందులోనే ఊపిరి బిగబట్టి నిలబడి లోపలికి వచ్చేవారట. వడ్రంగిని పిలిచి ఆ గోడ కోయించారు. మిట్టమధ్యాహ్నపు ఎండ నట్టింట్లో పడింది.

సుచరిత సంచీ పట్టుకుని గడప దాటింది. డైరెక్టరు కట్ అన్నాడు. ఆమె ఆగలేదు. కెమెరాలు దాటి, జనరేటరు వ్యాను దాటి, క్యాంటీను దాకా నడిచి అక్కడ కూర్చుంది. హైమవతి వెళితే, "ఇంకోసారి చెయ్యమనకక్కా" అంది.

చానెల్ వాళ్ళు మండిపడ్డారు. కంపెనీ మూతపడింది. రాములమ్మ హైమవతికి ఎదురుపడినా పలకరించడం మానేసిందని విన్నాను. ఆ పిల్ల చదువు ఏమైందో నాకు తెలియదు. సాల్మన్ రాజు మాత్రం కూతుర్ని చూడటానికి వెళ్ళినవాడు ఆ గదికి మళ్ళీ రాలేదు.

నేను కృష్ణానగర్‌లో, షూటింగులకు సామాను అద్దెకిచ్చే ఖాసిం గోడౌనుకు చేరాను. ఒకరోజు జమీందారు కుర్చీని, ఒకరోజు డాక్టరు కుర్చీని. పని లేనప్పుడు మిగతా కుర్చీలతో కలిపి తాడేసి కట్టేస్తారు.

ఈమధ్య హైమవతి వచ్చింది. జుట్టు నెరిసింది. తన సినిమాను తనే తీసుకుంటోందట, చిన్న సినిమా. ఒక చెక్క బల్ల ఏరుకుంది. ఖాసిం నా తాడు విప్పి ముందుకు లాగాడు.

"మేడమ్, గీ పేము కుర్చీ సూడుండ్రి. మంచిగుంటది, తీస్కపోండ్రి."

ఆమె నా కుడి చేతి మీద చెయ్యి వేసింది. కాసేపు తీయలేదు.

"వద్దు ఖాసిం భాయ్. దాంట్లో కూర్చుంటే లేవలేను."

ముందు నాకు చిన్నతనమనిపించింది. అన్నాళ్ళూ ఆమెను మోశానని అనుకున్నాను, పట్టి ఉంచానని అనుకోలేదు. కూర్చోబెట్టడం ఒక్కటే నాకు నేర్పారు మరి.

బల్ల వ్యానెక్కింది. ఖాసిం నన్ను వెనక్కి నెట్టి తాడు బిగించాడు. ముడి సరిగ్గా ఆమె చెయ్యి వేసిన చోటే పడింది.