కుడి బ్రేకు

హాతీరాం ట్రాక్టర్ మా తండా మొదట్లో ఆగీ ఆగకముందే నా కూతురు ఉషారాణి మిగతా ఆడవాళ్లతో కలిసి ట్రాలీ ఎక్కేసింది. వాగు అవతల చేనులో మిర్చి ఏరడానికి పోవాలి. అడవి దాటేదాకా దారంతా దిగుడే.

నా కళ్లు చక్రాల మీదే ఉన్నాయి. బురద ఇంకా ఆరలేదు. పది రోజులుగా ఆ బండి వరిమళ్లలో దమ్ము చేస్తోంది. ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండు, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. మడిలో తిప్పుకోవడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కితే మాత్రం రెండింటినీ పట్టీతో కలపాలి, అది రూలు. పోయినేడు కారేపల్లి రోడ్డు మీద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒక డ్రైవర్‌ను ఆపి చెబుతుంటే విన్నాను. ట్రాలీలో కూలీలను ఎక్కించడమే తప్పని కూడా అన్నాడు. మాకు బస్సు లేదు కాబట్టి ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

“తమ్మీ, పట్టీ వేసినవా?”

“వేసిన అక్కా,” అన్నాడు హాతీరాం, నా వైపు చూడకుండా. చూడకుండా చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

ట్రాలీలోంచి తోటి కూలి లాలి నవ్వింది. “ఏమే ఉషా, నువ్వు తలుపేసినా మీ అమ్మ మళ్లొచ్చి గుంజి చూస్తదంట గదా?”

“యాడీ, నా ఇజ్జత్ తియ్యకు. ఇంటికి పో,” అంది ఉషారాణి. మా తండాలో అమ్మను యాడీ అంటారు.

వంగి చూశాను. పట్టీ వేసే ఉంది. వేసి ఉంటే ఇంత చలి పొద్దున అతనికి చెమట ఎందుకు పట్టినట్టు?

“అందరు దిగుండ్రి. ఉత్త బండి తోలి ఒక్కసారి బ్రేకు తొక్కు తమ్మీ, చూస్త.”

“పొద్దెక్కుతుంది అక్కా.”

నేను వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాను. తిట్టుకుంటూ దిగారందరూ. హాతీరాం కొంచెం దూరం తోలి బ్రేకు తొక్కాడు. ఎడమ చక్రం మట్టిని చీరుకుంటూ ఆగింది. కుడి చక్రం తిరుగుతూనే ఉంది. బండి ఎడమకు కొట్టుకుని కంపలోకి దూరింది.

హాతీరాం ఇంజన్ ఆపేశాడు.

“మడిల అన్ని దినాలు కుడి దిక్కే తిప్పిన,” అన్నాడు హాతీరాం దిగి వచ్చి. “ఆ బ్రేకు అరిగింది. నిన్ననే అనుమానమొచ్చింది. బండి ఆసామి పని ఆపొద్దన్నడు. మెల్లగ తీస్కపోదామనుకున్న.”

“మెల్లగనా? ఆ దిగుట్లనా?” అంది లాలి. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు.

అందరూ నడక మొదలుపెట్టారు. ఉషారాణి నా పక్కన ఆగింది. “ఆలస్యమైతే రేపటి సంది మనల్ని పిలవరు.”

“పిలవకుంటే మానె. నువ్వు నడువు.”

నేను కదలలేదు. హాతీరాం మెకానిక్‌కు కబురు పంపి, నన్ను చూసి, “ఇంకేంది అక్కా?” అన్నాడు.

“మెకానిక్ రానీ. బ్రేకు మార్చిందాంక ఈడనే కూసుంట.”

“మధ్యాహ్నమైతది.”

“అయితే కానియ్యి,” అని చక్రం పక్కనే చతికిలబడ్డాను.