అంచు కింద పన్నెండో మనిషి

"చేతులకి గమ్ముంది, నువ్వు లోపలే ఉండు" అన్నాడు భర్త.

కాస్త పెద్దమనిషి ఎవరైనా ఫోటోఫ్రేముల కొట్టు మెట్టెక్కితే చాలు, ఇరవై ఆరేళ్లుగా ఆయన నోట ఆ మాటే. ఆ రోజు వచ్చింది మిషన్ ఆసుపత్రి హెడ్ క్లర్కు. చంకలో పాత ఫోటోల కట్ట. ఆసుపత్రి పెట్టి వందేళ్లయింది, శనివారం పెద్ద హాల్లో ఊరి చరిత్ర ప్రదర్శన, నలభై ఫోటోలకి కొత్త ఫ్రేములు కావాలి. ఆ ప్రదర్శన కమిటీలో సభ్యుడైన భర్త "మా చేతిపని చూశాక మీరే అంటారు" అని భరోసా ఇచ్చాడు. ఆ చేతులు తెర వెనక అద్దం తుడుస్తున్నాయి.

కొట్టు ముందు భాగం ఆయనది, వెనక గది ఆమెది. ముందు గదిలో ఫ్యాను, కుర్చీ, పలకరింపులు. వెనక గదిలో కత్తి, అట్టముక్కలు, గాజు పెంకులు. ఈ పంపకంలో ఎవరికేం దక్కిందో ఆమె ఎప్పుడో బేరీజు వేసుకుంది. వేసుకుని, నోరెత్తి అడగడం మానేసింది. అడగడానికి పట్టే శ్రమ ఎక్కువ, తిరిగొచ్చేది ఒక దెప్పు. "నీడపట్టున కూర్చుని చేసే పనే కదా, నిన్నేమైనా ఎండలో నిలబెట్టానా?" అనేవాడు. నిలబెట్టలేదు, నిజమే. కూర్చోబెట్టాడు, అంతే. కానీ వెనక గదికి ఒక లాభముంది, అది ఆయన గమనించలేదు. ఊళ్లో ప్రతి ఇంటి ఫోటోనీ జనం ముందు నుంచి చూస్తారు. వెనకవైపు చూసేది ఆమె ఒక్కతే.

కాపురానికొచ్చిన కొత్తలో ఒక పొరపాటు చేసింది. ఒకే సైజు ఫోటోలు, ఒకే రకం మీసాలు ఉన్న ఇద్దరు తాతల్ని అటూ ఇటూ మార్చి ఇచ్చేసింది. పదకొండు రోజులు ఒక కుటుంబం పక్కవీధి తాతకి తమ కష్టాలు చెప్పుకుంది. అప్పుడు అత్తగారు పెట్టిన చీవాట్లు ఇంకా చెవిలోనే ఉన్నాయి. "ఏమే, మీసాలు చూసి మనుషుల్ని పోల్చుకుంటావా? అట్ట బిగించే ముందు ఎవరెవరో అడుగు. వెనకాల ఎడమ నుంచి కుడికి రాయి. ఒక్కరినీ వదలకు." అప్పటి నుంచి అడిగింది, ఫోటో వెనక పెన్సిలుతో రాసింది, మరోసారి నోటుబుక్కులోనూ ఎక్కించింది. జనం పేరుతో ఆగేవాళ్లు కాదు. ఈవిడ లాంతరు పట్టుకుని కాన్పులకి వెళ్లేదనీ, ఈయన పిలిచినా పలకని మొండివాడనీ చెప్పుకుపోయేవాళ్లు. అవన్నీ రాసింది. పంతొమ్మిది నోటుబుక్కులయ్యాయి. "పొయ్యి రాజేయడానికైనా పనికొస్తాయిలే" అని భర్త జోకేసేవాడు.

కట్టలో ఒక ఫోటో ఇంకా పాత ఫ్రేములోనే ఉంది. మేకులు తుప్పు పట్టి ఊడలేదని చివరికి పెట్టుకుంది. ఆసుపత్రి మెట్ల మీద, కుర్చీలో మొదటి డాక్టరమ్మ, చుట్టూ పదకొండు మంది ఆడవాళ్లు. కింద అంటించాల్సిన కార్డు అచ్చయి వచ్చేసింది: "డాక్టరమ్మ, సహాయకులు." ఆ రెండు మాటలు చదివేసరికి ఆమెకి ఒళ్లు మండింది. ఫ్రేములో ఉండగానే తీయించుకున్న ఈ ఫోటో నకళ్లు తన దగ్గరికి మూడిళ్ల నుంచి వచ్చాయి! నోటుబుక్కులు దింపింది. నాలుగో దాంట్లో లాంతరమ్మ దొరికింది, ఎడమ నుంచి మూడో మనిషి. తొమ్మిదో దాంట్లో గంట పిన్ని, ఆమె గంట కొడితేనే ఆసుపత్రికి తెల్లవారేదట. పదహారో దాంట్లో ఇంకొందరు. మూడిళ్ల వాళ్లు చెప్పినవి కలిపితే ఎనిమిది మంది తేలారు. తక్కిన ముగ్గురి కోసం ఫోటోని కూరగాయల సంచిలో పెట్టుకుని రెండు రోజులు ఊరంతా తిరిగింది. రిటైరైన పెద్ద నర్సమ్మ కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా "ఇది సూదుల అక్క, ఇది వంటావిడ, ఈ కోపిష్టిది నాకు పాఠం చెప్పిన మనిషి" అని టకటకా చెప్పేసింది. పదకొండూ పూర్తి! తిరిగొస్తూ ఆమె నడవలేదు, దాదాపు పరిగెత్తింది. మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం మేకులు ఊడదీసింది. వెనకనున్న కాగితం చింపగానే అట్ట మీద పెన్సిలు రాత: "డాక్టరమ్మ కాక పన్నెండు."

పన్నెండా? ముందువైపు తిప్పి వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండే. అప్పుడు తట్టింది. ఫోటోకీ ఫ్రేముకీ మధ్య చుట్టూ తెల్లటి అట్ట అంచు ఉంటుంది. దాన్ని ఎంత వెడల్పు కోస్తే అంత ఫోటో దాని కిందకి పోతుంది. ఆ అంచు పైకెత్తింది. కుడి కొసన, రెండు వేళ్ల మేర చీకట్లో, చంకన దుప్పట్ల మూటతో ఒక మనిషి. మోచేతుల దాకా తడి. నవ్వుతోంది.

ఆ పెన్సిలు రాత ఎవరిదో ఆమెకి తెలుసు. ఫోటో పట్టుకుని లోపలింట్లోకి వెళ్లింది. కిటికీ పక్కన కూర్చున్న అత్తగారు ఫోటోని వెలుతురుకి పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నవ్వుతోంది కదూ" అంది.

"ఎవరత్తయ్యా?"

"మా అమ్మ. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆవిడే ఉతికేది. నేను కోడలిగా వచ్చిన ఏడాది ఈ ఫోటో మన కొట్టుకొచ్చింది. ఉతికే మనిషి కూతుర్ని తెచ్చుకున్నారని నలుగురూ అనుకుంటారని, మా మామగారు అట్ట అంచు వెడల్పు చేయించారు."

"ఎవరి చేత?"

"ఎవరి చేతేమిటే? అప్పుడు ఈ ఇంట్లో గమ్ము చేతులు ఎవరివి?" అత్తగారు బొటనవేలితో ఆ తడి మోచేతిని నిమిరింది. "నేనే కోశాను. ఎదురు చెప్పలేక, వెనకాల లెక్క మాత్రం రాసి పెట్టాను. ఎప్పటికైనా ఎవరో ఒకరు విప్పకపోతారా అని."

ఒక్కరినీ వదలకు అన్న చీవాట్ల బరువెంతో ఆమెకి ఆ క్షణాన తెలిసింది.

శుక్రవారం భర్తకి విషయం తెలిసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "కమిటీ ఇచ్చిన కొలత ఒకటుంది. కార్డులు అచ్చయిపోయాయి. మా అమ్మమ్మ దుప్పట్లు ఉతికిందని ఊరంతా గోడమీద చదవాలా? పాత అట్ట ఉన్నది ఉన్నట్టే పెట్టు."

లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "చదవనీరా. ఆవిడ ఉతికిన దుప్పటి మీదే పుట్టావు నువ్వు."

ఆయన ముందు గదిలోకి వెళ్లి ఫ్యాను వేసుకున్నాడు. ఆమె కొత్త అట్ట తీసుకుని సన్నటి అంచు కోసింది. కార్డు పక్కన పడేసి పన్నెండు పేర్లు, పక్కన వాళ్ల పనులు, ఎడమ నుంచి కుడికి తన చేత్తో రాసింది. చివర, చిన్న అక్షరాలతో, పేర్లు సేకరించిన మనిషి పేరు కూడా. అది రాయడానికి తక్కిన పన్నెండింటికి పట్టినంత సేపు పట్టింది.

శనివారం హాల్లో ముప్పైతొమ్మిది ఫోటోల ముందు జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈ ఒక్కదాని ముందు తోసుకున్నారు. "ఇదిగో మా మేనత్త! ముక్కు చూడు, అచ్చం నీదే!" "జరగండమ్మా, మా వాళ్లనీ చూడనివ్వండి!" గాజు నిండా వేలిముద్రలు. ఆమె ఇరవయ్యో నోటుబుక్కు తెచ్చి, పెన్సిలుకి దారం కట్టి బల్ల మీద పెట్టింది. గంట తిరక్కుండా వరస కట్టారు. వీధి కుళాయి ఎవరు వేయించారో, బడి గోడ ఎవరు కట్టారో ఒకరి మీద ఒకరు పడి రాస్తున్నారు. అత్తగారు కుర్చీ వేయించుకుని ఫోటో పక్కనే కూర్చుంది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "అమ్మ, మా అమ్మ" అని చూపిస్తోంది.

చివర్లో కమిటీ ఫోటో. పెద్దమనుషులంతా ఆ ఫ్రేము ముందే నిలబడ్డారు, భర్త మధ్యలో. ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని వరస కొసన నిలబడింది. ఫోటోగ్రాఫర్ కెమెరా లోంచి చూసి చెయ్యి ఊపాడు.

"అమ్మా, ఆ కొసనున్న ఇద్దరూ కాస్త పక్కకి తప్పుకోండి. ఫ్రేములో పట్టడం లేదు."

"చెబుతున్నాడుగా, తప్పుకోండి" అన్నాడు భర్త, నవ్వు చెదరకుండా. "చేతులకి గమ్ము కూడా ఉంది నీకు."

ఆమె చేతులు చూసుకుంది. ఉంది. అత్తగారి వేళ్లని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"మేం జరగం బాబూ. నువ్వే నాలుగడుగులు వెనక్కి వెళ్లు, అందరం పడతాం."