సాగిన పొలం

ఇంట్లోవాళ్ళు తప్ప అందరూ అతన్ని టేపు అనే పిలుస్తారు. జేబులో కొలత టేపు లేకుండా గడప దాటడు. పొద్దున్నే లేచి, మొహమైనా కడుక్కోకుండా పొలానికి వెళ్ళి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కొలిచి రావడం అతని అలవాటు. ఆ పొలం కుదురుగా ఉండే రకం కాదు. ఒకరోజు రెండు సాళ్ళు తగ్గుతుంది, ఇంకోరోజు ఒక సాలు పెరుగుతుంది. పక్క పొలం పెద్దాయన దీన్ని పట్టించుకోడు, తన నేల తనకుంటే చాలంటాడు. సర్వేయరు వచ్చినప్పుడు టీ తాగి, మూడుసార్లు కొలిచి, మధ్యలో వచ్చింది రాసుకుని వెళ్ళిపోతాడు.

ఆ ఏడు పాత ట్రాక్టరు మొరాయించింది. మెకానిక్ ఇంజను విప్పి చూసి, మళ్ళీ మూత పెట్టేసి, చేతులు తుడుచుకున్నాడు. ఇక కొత్తది కొనక తప్పదు. మరీ పెద్దదైతే మూలల్లో మలుపు తిరగదు. మరీ చిన్నదైతే బరువు నాగలి లాగలేక ఆయాసపడుతుంది. యాభై హార్స్ పవర్‌కి అటూ ఇటూగా, మధ్యరకం బండి కావాలి.

టేపుకి పండగే పండగ. షోరూములన్నీ తిరిగాడు. బళ్ళ కిందకి దూరి వెల్లకిలా పడుకుని చూశాడు. వెనక లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుంది, ఎంత చోటులో వెనక్కి తిరుగుతుంది, ఆయిలు మార్చాలంటే ఎన్ని బోల్టులు విప్పాలి, చెడిపోతే మెకానిక్ ఎంత దూరం నుంచి రావాలి, అన్నీ అడిగాడు. ఒక సేల్స్‌మన్ లైట్లు ఆర్పేసినా కదల్లేదు.

"నన్ను చేసుకునేటప్పుడు ఇందులో సగం ప్రశ్నలైనా అడగలేదు ఈయన," అంది అతని భార్య.

ఆ ఇంట్లో అతని అక్క కూడా ఉంటుంది. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసి, నీళ్ళ మోటారు, ఆవులు, విత్తనాలు తనే చూసుకుంటోంది. కానీ ఆ కాస్త నేల మీద వచ్చేది ఒక సంసారానికే చాలీచాలకుండా ఉంది. అందుకని పట్నంలో ఒక లాండ్రీలో పనికి ఒప్పుకుంది. వచ్చే వారమే ప్రయాణం. ఆమెను వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ ఎవరూ అనలేదు.

చివరికి రెండు బళ్ళు మిగిలాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కాగితం మీద రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. దున్ని చూస్తే గానీ తేలదని టేపు పట్టుబట్టాడు. ఇద్దరు డీలర్లూ ఒకే ఉదయం బళ్ళు తెచ్చి గట్టు పక్కన నిలబెట్టారు.

ముందు ఎర్రబండి ఎక్కాడు. బండి దున్నపోతులా లాగింది. కానీ సాలు మధ్యకి చేరాడో లేదో అవతలి గట్టు ఎదురొచ్చేసింది. పొలం ముడుచుకుంది. నీలంబండి మీదా అంతే, గేరు మార్చేలోపే నేల అయిపోయింది. అవతలివాడి బండి బరువుకి పొలం బెదిరిందని డీలర్లు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు.

చక్రాలు ఎంత జారుతున్నాయో కింద నుంచి చూడాలనిపించింది టేపుకి. దూడను కట్టేసి అటుగా వచ్చిన అక్కను ఎక్కమన్నాడు. పాత ట్రాక్టరు నడపడం ఆమెకు తండ్రి నేర్పిందే. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని ఎర్రబండి ఎక్కింది.

బండి సాగింది. నాగలి వెనక మట్టి తిరగబడుతూ పోయింది. అవతలి గట్టు రావాల్సిన చోటికి రాలేదు. దూరంగా అక్క జేబురుమాలంత అయింది, తర్వాత గింజంత అయింది. ఇంజను చప్పుడు కూడా సన్నబడింది. గట్టవతల నుంచి పక్క పొలం పెద్దాయన చెయ్యి ఊపి ఏదో అరిచాడు. చెయ్యి దించేసిన తర్వాత ఎప్పటికో ఆ మాట ఇవతలికి చేరింది, పశువులకు నీళ్ళు పెట్టారా అని.

ఆమె తిరిగొచ్చేసరికి డీలర్లు నీడలో కునుకు తీస్తున్నారు. నీలంబండి మీద కూడా పంపి చూశాడు టేపు. పొలం ఇంకా సాగింది. డీలరు వెంట వచ్చిన డ్రైవరును ఎక్కిస్తే ఉన్నది ఉన్నట్టే ఉంది. మళ్ళీ తనే ఎక్కాడు. గట్టు గబగబా ఎదురొచ్చింది.

అతను కిందకి దిగి, బోనెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ముందు చిన్నతనంగా అనిపించింది. రోజూ పొద్దున్నే పలకరించేది తనైతే, ఈ పొలం ఆమె కోసం ఒళ్ళు విరుచుకోవడమేమిటని ఉక్రోషం కూడా వచ్చింది. కానీ తెలుసుకోవాలన్న కుతూహలం ముందు అతనిలో ఏదీ ఎక్కువసేపు నిలవదు.

"ఏం చేశావక్కా?"

"ఏం చేస్తాను? గేరు వేశాను, పోయాను."

"గట్టు ఎప్పుడొస్తుందా అని చూడలేదా?"

"వచ్చినప్పుడు వస్తుందిలే అనుకున్నాను."

టేపు బళ్ళ వైపు తిరిగాడు. "సరే. రెండిట్లో ఏది బాగుంది?"

"నీలంది. ఎర్రదాంట్లో క్లచ్ తొక్కాలంటే సీటు అంచుకి జరగాలి, మోకాలు పట్టేస్తుంది. అయినా నన్నడుగుతావేం? నడిపేది నువ్వు కదా."

"నువ్వే నడుపు."

ఆమె చేతికంటిన మట్టి దులుపుకుంది. "నాకు వచ్చే వారం ప్రయాణం."

"మానెయ్. ఉండిపో అక్కా."

అక్క అతని వైపు చూడకుండా తలూపింది. తర్వాత పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇంజను పొగ కాబోలనుకున్నారు డీలర్లు.

నీలంబండి కొన్నారు. ఆమె దున్నినంత మేరా పొలం మళ్ళీ వెనక్కి రాలేదు. పక్కవాళ్ళ నేలలో జానెడైనా తగ్గలేదు. మొక్కజొన్న వేస్తే రెండిళ్ళకీ సరిపోయింది. మూడో ఏడు అక్క ఆ కొత్త నేల చివర రెండు గదులు వేసుకుంది. పొలానికడ్డంగా ఆమె తమ్ముడింటికి రావాలంటే నేల సాగి ఒక పూట పడుతుంది. అదే అతను బయల్దేరితే, అతని అడుగు కింద మాత్రం ముడుచుకునే నేల మీద నాలుగడుగులు వేస్తే చాలు, ఆమె గుమ్మం ముందుంటాడు. అందుకని సాయంత్రాలు ఎప్పుడూ అతనే వెళ్తాడు.