పెన్న ఒడ్డు తుమ్మి

రాజుపాలెం దారిలో, చేను గట్టు మీద నరసింహులు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పోయిన వారం తెల్లగా పూసి కనిపించిన తుమ్మి మొక్కలు మొదలంటా మాడిపోయాయి. ఆకు పట్టుకుంటే వేళ్ల మధ్యే పొడైంది.

“గడ్డిమందు కొట్టించినామప్పా,” అంది చేనుగలామె పెంచలమ్మ. “కలుపే కదా అది. దాంతో నీకేం పని?”

“పిల్లోళ్లకు పరీక్ష ఉందిమ్మా.”

ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబుకు అతడు అటెండరు. మధ్యాహ్నం ప్రాక్టికల్ పరీక్ష. పులివెందుల నుంచి ఎగ్జామినర్ వస్తున్నాడు. ఇవాళ్టితో నరసింహులు సర్వీసు అయిపోతుంది. ఇన్నేళ్లలో వాడిపోయిన కొమ్మను ఏ విద్యార్థి చేతిలోనూ పెట్టలేదని అతనికి గర్వం.

లెక్చరర్ మంజుశ్రీకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

“పర్లేదు నరసింహులన్నా. మన కాలేజీలో తులసి ఉంది కదా, అదీ తుమ్మి కుటుంబమే. దాంతో సరిపెడదాం.”

“తులసి పువ్వు శానా చిన్నది మేడం. పిల్లోళ్లు కండ్లు చిట్లించుకోవాల. తుమ్మే తెస్తా.”

“ఇప్పుడు యాడ తెస్తావన్నా?”

“జమ్మలమడుగు పోతాండా. పెన్న ఒడ్డున ఉంటాది.”

బస్సు దిగి, ఇసుక దాటి, గులకరాళ్ల మధ్య వెతుక్కుంటూ పోయాడు. కంపచెట్ల వెనక మోకాలెత్తున తుమ్మి గుంపుగా పూసి ఉంది. ఒక కొమ్మను వేళ్ల మధ్య తిప్పాడు. పలకల కాడ, నాలుగంచులూ వేలికి తగిలాయి. సన్నటి ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. కణుపు కణుపుకూ కాడ చుట్టూ గుండ్రంగా పూలు. పువ్వు పై పెదవి నూగుతో పొట్టిగా, కింది పెదవి వెడల్పుగా, తెల్లగా. ఏమాత్రం కుదిపినా రాలిపోయే పూలవి. తేనెటీగలు లేచేదాకా ఆగి, కొమ్మ అదరకుండా కత్తెరతో కోశాడు. తడిగుడ్డలో వదులుగా చుట్టాడు. తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. కట్టను గుండెకు ఆనించుకుని నిలబడి, గతుకు వచ్చినప్పుడల్లా మోకాళ్లు వంచాడు.

పరీక్షలో పిల్లలు సూదులతో పువ్వును విప్పారు. చివరి బల్ల దగ్గర భార్గవి అనే అమ్మాయి గొంతు పెద్దగా వినిపించింది. “కేసరాలు నాలుగు సార్! రెండు పొడుగు, రెండు పొట్టి. లెన్సు లేకుండానే కనపడతాండాయి!”

ఎగ్జామినర్ ఒక కొమ్మ ఎత్తి చూశాడు. “ఇప్పుడే కోసినట్టుందే. ఎవరు తెచ్చినారు?”

“మా నరసింహులన్న,” అంది మంజుశ్రీ.

తలుపు దగ్గర నిలబడ్డ నరసింహులుకు ఆ ‘మా’ స్పష్టంగా వినబడింది. వీపు నిటారైంది.

సాయంత్రం బల్లలు తుడిచి, సూదులు కడిగి పెట్టాడు.

“రేపు సన్మానం పెట్టుకున్నాం. రావాలన్నా,” అంది మంజుశ్రీ.

“నా సన్మానం అయిపోయింది కదా మేడం మధ్యాన్నమే,” అని నవ్వాడు.

ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్లచొక్కా తొడుక్కుని, గేటు దాకా తల వంచకుండా నడిచి వెళ్లిపోయాడు.

ల్యాబు తలుపు వెనక మేకుకు అతని ఖాకీ చొక్కా వేలాడుతోంది. దాని గుండె దగ్గర ఆకుపసరు మరక ఇంకా పచ్చిగానే ఉంది.