రాయని శనివారం

విస్కాన్సిన్‌లో రోడ్ల మీది మంచును తోసెయ్యడానికి లారీల ముందు బిగించే బ్లేడ్లు చేసే ఫ్యాక్టరీ అది. భోజనాల వేళ వెండెల్ నోరు మూతపడదు. ఆ రోజు సాసేజి నములుతూ, కంపెనీతో యూనియన్ కుదుర్చుకొచ్చిన కొత్త ఒప్పందాన్ని ఏకిపారేస్తున్నాడు.

“ఓటు లేనివాడికి ఇంత గొంతెందుకో,” అంది కోలీన్. వెల్డింగు విభాగానికి యూనియన్ ప్రతినిధి ఆమే.

బల్ల చుట్టూ నవ్వారు. యూనియన్‌కు చందా కట్టకపోయినా ఉద్యోగానికి ఢోకా లేదని రాష్ట్రం చట్టం చేసిన వారమే వెండెల్ చందా మానేశాడు. యూనియన్ పోట్లాడి జీతాలు పెంచినప్పుడల్లా అందరితోపాటు అతనికీ పెరిగేది. ఓటు మాత్రం ఉండేది కాదు.

కోలీన్ నవ్వింది గానీ ఆమె ధ్యాస ఇక్కడ లేదు. చిన్న ట్రక్కుల బ్లేడ్లు చేసే కొత్త విభాగాన్ని ఇక్కడ పెట్టాలా, యూనియన్ గొడవ లేకుండా టెనెసీలో పెట్టాలా అని కంపెనీ చూస్తోంది. గురువారం సభ్యుల ఓటులో ఒప్పందం నెగ్గితే ఇక్కడే. అప్పుడు వసంతంలో పని పోయిన వెల్డర్లను మళ్ళీ పిలుస్తారు. వాళ్ళలో ఆమె భర్త రస్ ఒకడు.

“మంచు పడేలోపు శనివారాలన్నీ పని చెయ్యాలని రాశారు. అన్నీ అంటే అన్నీనా?” అన్నాడు వెండెల్.

“ఆర్డర్లు ఎక్కువుంటాయి కదా. అదనంగా ఇస్తారులే.”

“నవంబరులో వేట మొదలయ్యే శనివారం కూడానా?”

నములుతున్న నోళ్ళన్నీ ఆగిపోయాయి. జింకల వేట మొదలయ్యే రోజున ఫ్యాక్టరీ తెరిచిన జ్ఞాపకం ఎవరికీ లేదు. క్రిస్మస్ సెలవును రాసుకున్నారు గానీ దీన్ని రాయాలని ఏ తరానికీ తోచలేదు. తెల్లవారుతుందని ఎవరు రాసుకుంటారు? బేరమాడి వచ్చిన కోలీన్‌కూ తట్టలేదు.

“సభ్యత్వం కార్డు ఇటివ్వు. చేరతాను. చేరి, వద్దని ఓటేస్తాను,” అన్నాడు వెండెల్.

కార్డులు అయిపోయాయంటే సరిపోయేది. గురువారం గడిచిపోయేది. సంచిలో ఆమె చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత కార్డు తీసి, పెన్ను కూడా ఇచ్చింది.

“వద్దని వేసినా చందా కట్టాల్సిందే పెద్దాయనా.”

“అదే నా బాధ.”

గురువారం హాలు నిండిపోయింది. వెండెల్ లేచి వేట శనివారం గురించి రెండు ముక్కలు మాట్లాడాడు. ఆ వెంటనే అందరూ ఒకేసారి మాట్లాడసాగారు. ఇలాగే ఓటుకు పెడితే ఒప్పందం మునిగినట్టేనని కోలీన్‌కు అర్థమైంది. వేదిక మీద నుంచే కొత్త మేనేజరు ప్రెస్టన్‌కు ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టి సంగతి చెప్పింది.

“ఒక్క రోజు కోసం ఇంత గొడవా మేడమ్?” అన్నాడాయన.

“ఆ రోజు తెరవండి సార్, నేను కాదనను. మీరొక్కరే ఉంటారు. గేటు కాపలావాడు కూడా అడవిలోనే ఉంటాడు.”

“రెట్టింపు జీతం ఇస్తే?”

“అప్పుడు రెట్టింపు జీతానికి మీరొక్కరే ఉంటారు,” అని వెనక నుంచి వెండెల్ కేకేశాడు.

హాలంతా గొల్లున నవ్వింది.

“మా జార్జియాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం ముహూర్తం పెట్టుకుందని, మా నాన్న సొంత చెల్లెలి పెళ్ళికే వెళ్ళలేదు,” అన్నాడు ప్రెస్టన్ మెల్లగా. “మీకూ అలాంటిదుందని ముందే చెప్పొద్దూ? ఆ రోజు సెలవని రాసుకోండి. సంతకం పెడతాను.”

ఒప్పందం నెగ్గింది. వద్దన్న చీటీ ఒక్కటే వచ్చింది. తలలన్నీ వెండెల్ వైపు తిరిగాయి.

“చేరిందే అందుకని చెప్పాను కదా. చందా ఊరికే పోనిమ్మంటారా?” అన్నాడతను.

కోలీన్ నవ్వు ఆపుకోలేక బయటికొచ్చి ఇంటికి ఫోను చేసింది.

“నెగ్గింది రస్.”

అవతల అలమారా తలుపు తెరిచిన చప్పుడైంది.

“నా వెల్డింగు బూట్లు ఎక్కడ పెట్టావు?”

“ఇంకా పనికి పిలవలేదుగా?”

“తెలుసు. ఎక్కడ పెట్టావో చెప్పు.”