ఒక్క లీరా ఎక్కువ

మా ఫుట్‌బాల్ క్లబ్బు కవరులో ఉన్న అంకె అవతలి క్లబ్బు అంకెకంటే సరిగ్గా ఒక్క లీరా ఎక్కువని పేపర్లో చూసిన క్షణంలోనే, నా మనుషుల్లో ఎవడో నన్ను పట్టిచ్చాడని అర్థమైంది.

వాళ్లు రాసింది రెండు వందల పదిహేను కోట్ల లీరాలు. మావాళ్లు రాసింది రెండు వందల పదిహేను కోట్ల ఒక్క లీరా. చీకట్లో విసిరిన రాయి అంత గురిగా తగలదు.

పొద్దున పది గంటలైనా కాలేదు. మా ఊరు బోర్గరీవా చౌక్‌లోని బార్‌లో అప్పుడే ఎర్రవైన్ సీసాల మూతలు విప్పుతున్నారు. మాంసం కొట్టు ప్రీమో నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

"దేలియో! ఇంకెక్కడికి పోతావురా? ఇక నువ్వు నిండా బోర్గరీవా సొత్తువి!"

"తాగరా, తాగు! మొహం అలా పెట్టావేం, పెళ్లాం పారిపోయినట్టు?" అన్నాడు ఇంకొకడు.

ఊరంతా నన్ను చూసి చప్పట్లు కొట్టింది. నేను నవ్వాను. ఇరవై నాలుగేళ్ల కెప్టెన్ని. నవ్వక ఏం చేస్తాను?

అప్పటి పద్ధతి అది. నాలో సగం మా ఊరి క్లబ్బుది. సగం ఉత్తరాదిన, మొదటి డివిజన్‌లో ఆడే పెద్ద క్లబ్బుది. గడువు ముగిసే జూన్‌లో రాజీ కుదరకపోతే ఇద్దరూ చెరో కవరులో ఒక అంకె రాసి సీలు వేసి ఇస్తారు. ఎక్కువ రాసినవాడిదే ఆటగాడు. ఆ ఆటగాడికి ఎక్కడ ఆడాలనుందో అడిగే గడి ఆ కాగితం మీద ఉండదు.

మే నెలలో పెద్ద క్లబ్బు మనిషొకడు హైవే పక్క హోటల్లో నాకు భోజనం పెట్టి చెవిలో ఆ అంకె చెప్పాడు. "మా ఊళ్లో ఇల్లు వెతుక్కో అబ్బాయ్. పందితొడలు అమ్ముకునే మీ ప్రెసిడెంటు దీన్ని దాటడు" అన్నాడు. నేను సంతోషం పట్టలేక ఆ అంకెను ముగ్గురికి చెప్పాను. నా భార్య నీవెస్‌కి. మా జట్టుకి మాలిష్ చేసే ఆర్దూయినోకి. ఎర్మెస్‌కి.

ఎర్మెస్ బొల్ద్రీని నా కాళ్లు. మైదానం మధ్యలో మేమిద్దరం పక్కపక్కన ఆడేవాళ్లం. వాడు బంతిని లాక్కొచ్చేవాడు, నేను దాన్ని ఎక్కడికి పంపాలో చూసేవాణ్ని. మ్యాచ్‌కి ముందురోజు జట్టును హోటల్లో పెట్టి తాళం వేస్తే మా ఇద్దరిదీ ఒకే గది. మా అమ్మాయికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి కూడా వాడే. ఎదుటివాడి కాళ్ల మధ్య నుంచి బంతి ఎలా తీస్తావని ఎవరడిగినా వాడిది ఒకటే జవాబు: "కాలంతా ఎందుకు? ఒక్క వేలు ముందుంటే చాలు."

నేను బార్‌లోంచి నేరుగా ప్రెసిడెంటు గందోల్ఫి ఇంటికి వెళ్లాను. ఆయన తోటలో అంజూరపు పళ్లు కోస్తున్నాడు.

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

"సీలు కవరు కదా అబ్బాయ్. దేవుడు చెప్పాడనుకో."

"ఆయన దగ్గర మీ ఫోన్ నంబరు లేదు, ప్రెసిడెంటు గారూ."

ఆయన పకపకా నవ్వాడు. తర్వాత పండు తొక్క తీస్తూ అన్నాడు. "గుడ్డిగా అయితే నేను పైసా రాయను. దుస్తుల గది గోడలకి చెవులుంటాయి, కొన్నింటికి నోరు కూడా ఉంటుంది. ఇంతకు మించి అడక్కు. వచ్చే ఏడాది చూద్దాంలే. నీ వయసెంతని!"

దుస్తుల గది. అంటే నీవెస్ కాదు. మిగిలింది ఇద్దరు.

ఎర్మెస్ వాళ్ల నాన్న గరాజ్‌లో మోటార్‌సైకిల్ విప్పుకుంటున్నాడు. పేపరు చూపించాను. వాడు చేతులు తుడుచుకుని చాలాసేపు చదివాడు.

"ఆర్దూయినోకి చెప్పావా?"

"చెప్పాను."

"ఇంకేం! ఆ ముసలాడి నోట్లో నువ్వుగింజ నానుతుందా? ఆ బల్ల మీద పడుకున్న ప్రతివాడికీ పక్కవాడి సంగతంతా చెబుతాడు. గోల్‌కీపర్ మూలవ్యాధి ఊరంతటికీ ఎలా తెలిసిందనుకున్నావ్?"

అది నిజమే. ఆర్దూయినో వాగుడుకాయ. ఇరవై రెండేళ్లుగా జట్టు కాళ్లు పిసుకుతూ జట్టు కథలన్నీ చెప్పేవాడు. ఎర్మెస్ మాట నాకు అచ్చంగా సరిపోయింది. మైదానంలో వాడు ఇచ్చిన బంతిని నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూసి తీసుకోలేదు. ఆ మాటనూ అలాగే తీసుకున్నాను.

మర్నాడు ప్రెసిడెంటుతో చెప్పాను: "ఆర్దూయినో ఉంటే నేను ఆడను. నేనో, ఆయనో తేల్చండి."

ఆయన నన్ను కాసేపు వింతగా చూశాడు. "నిజంగానే అంటున్నావా?" అన్నాడు. ఔనన్నాను. భుజాలెగరేసి ఫోన్ తీశాడు.

ఆర్దూయినో తన తోలు సంచిలో కర్పూరతైలం సీసాలు సర్దుకుంటుంటే నేను మాలిష్ గది గుమ్మంలో నిలబడ్డాను. నా వెనక బెంచీ మీద మిగతావాళ్లంతా బూట్ల లేసులు కట్టుకుంటున్నట్టు నటిస్తున్నారు. ఎర్మెస్ కూడా.

"నువ్వు చెప్పలేదని చెప్పు చూద్దాం" అన్నాను.

"నువ్వు అడగట్లేదు బాబూ. తీర్పు చెబుతున్నావు." ఆయన తువ్వాలు మడత పెట్టి సంచి మూశాడు. ఒకసారి నా వెనకున్న బెంచీ వైపు చూశాడు, మళ్లీ నావైపు. "నీ కాళ్లలో ప్రతి నరం నాకు తెలుసు. నా గురించి నీకు ఒక్క ముక్క తెలీదు. సరే. చలికాలం ఆ ఎడమ మోకాలు చూసుకో. బిగిసినరోజు ఆడకు."

నాలుగేళ్లలో మూడుసార్లు ఆయన నన్ను ఆపాడు. మోకాలి కింద బొటనవేలితో నొక్కి, కోచ్‌తో "ఇవాళ వీణ్ని వదిలెయ్యండి" అనేవాడు. ప్రతిసారీ నేను ఆయన్ని బూతులు తిట్టాను. ప్రతిసారీ మరుసటి ఆదివారం గుర్రంలా పరిగెత్తాను.

ఆయన స్థానంలో డిప్లొమా ఉన్న కుర్రాడు వచ్చాడు. వెంట ఒక యంత్రం తెచ్చాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పరాయి ఊళ్లో, పొగమంచు. మైదానం పేడకుప్పలా ఉంది. పొద్దున్నించీ మోకాలు బిగుసుకుపోయింది. యంత్రం పెట్టి చూసి కుర్రాడు బాగానే ఉందన్నాడు. అరవై ఒకటో నిమిషంలో ఎర్మెస్ ఒక్క వేలితో బంతి లాగి నాకు తోశాడు. నేను తిరిగాను. మోకాలు తిరగలేదు.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైందని బెంచీ మీదున్నవాళ్లు తర్వాత చెప్పారు. నాకు వినపడలేదు. నేను అరుస్తున్నాను కదా.

రెండు ఆపరేషన్లు. పదకొండు నెలలు. పెద్ద క్లబ్బు ఈలోగా నా వయసువాణ్నే ఇంకొకణ్ని కొనుక్కుంది. వాడు జాతీయ జట్టుకి కూడా ఆడాడు, నేను టీవీలో చూశాను. నేను మూడో డివిజన్‌లో రెండు ఊళ్లు తిరిగాను, నాలుగో డివిజన్‌లో మూడు. ఆఖరి క్లబ్బులో మా చొక్కాలు మేమే ఉతుక్కునేవాళ్లం. ముప్పై ఒకటో ఏట బూట్లు విప్పేశాను. గందోల్ఫి దయతలచి తన పందితొడల ఫ్యాక్టరీలో పని ఇచ్చాడు.

ఉప్పు పట్టించిన తొడలు ఏడాదిన్నర పాటు వేలాడుతూ ఆరతాయి. ఒక్కోదాన్ని గుర్రపు ఎముకతో చేసిన సూదితో ఐదుచోట్ల పొడిచి వాసన చూడాలి. లోపల కుళ్లు పుడితే ముక్కు పట్టేస్తుంది. అదే నా పని. మోకాలితో అవసరం లేదు.

ఎర్మెస్ మా క్లబ్బులోనే ఇంకో ఆరేళ్లు ఆడాడు. తర్వాత పిల్లల కోచ్ అయ్యాడు, తర్వాత పెద్ద జట్టుకే కోచ్. మా అమ్మాయి ప్రతి పుట్టినరోజుకీ బహుమతి తెచ్చేవాడు. మూడేళ్ల కిందట ఆర్దూయినో పోయాడు. నేను చర్చి లోపలికి వెళ్లలేదు, ఎదుటి కాలిబాట మీద నిలబడ్డాను. శవపేటికను మోసిన నలుగురిలో ఎర్మెస్ ఒకడు. ఎంత మంచివాడు అనుకున్నాను, తన స్నేహితుణ్ని ముంచినవాణ్ని కూడా మోస్తున్నాడు.

పోయిన మంగళవారం గందోల్ఫి ఫ్యాక్టరీకి వచ్చాడు. ఎనభై ఆరేళ్లు, చేతికర్ర, వెనకాల కొడుకు. ఫ్యాక్టరీ అమ్మేస్తున్నారు, అందరితో చేతులు కలిపి పోదామని వచ్చాడు. నా దగ్గర ఆగి, వేలాడుతున్న తొడలవంక చూసి నవ్వాడు.

"నా జన్మలో నేను చేసిన మంచి బేరం నువ్వేరా దేలియో. ఒక్క లీరా! నేను పది కోట్లు ఎక్కువ రాద్దామని కూర్చున్నాను, నీకు తెలుసా? ఆ కుర్రాడే ఆపాడు. 'కాలంతా ఎందుకు ప్రెసిడెంటు గారూ, ఒక్క వేలు ముందుంటే చాలు' అన్నాడు. ఎంత బాగా చెప్పాడు!"

నా చేతిలో సూది తొడలో దిగబడి ఉంది.

"మరి ఆర్దూయినో?" అన్నాను.

"ఆర్దూయినోకేంటి సంబంధం?"

"మీకు తెలిసీ ఆయన్ని తీసేశారు."

"నేనెక్కడ తీసేశాను? నువ్వు అడిగావు, నేను సరేనన్నాను." ఆయన నా చెంప తట్టాడు. "నా కెప్టెన్ అడిగితే కాదంటానా?"

నేను ఫ్యాక్టరీ కోటు కూడా విప్పకుండా మైదానానికి వెళ్లాను. సాధన అయిపోయింది. ఎర్మెస్ ఒక్కడే గడ్డి మీద గుర్తుగా పెట్టిన దిమ్మలు ఏరుకుంటున్నాడు. జుట్టు నెరిసింది, కాళ్లు మాత్రం అవే.

"నీ దగ్గర మాంసం కంపు కొడుతోందిరా" అన్నాడు నవ్వుతూ.

"ఒక్క వేలు ముందుంటే చాలు. ప్రెసిడెంటుకి చెప్పావట."

వాడి నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా, ముఖం మీద దానికి చోటు దొరకనట్టు పోయింది. దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి కింద పెట్టాడు.

"ఎందుకురా?" అన్నాను. "ఎందుకో చెప్పు. అది చాలు."

 వాడు నా కళ్లలోకే చూస్తూ చెప్పాడు.

"కొత్త కోచ్ ఏప్రిల్‌లో నన్ను పిలిచాడు. 'దేలియో పోతే నువ్వూ పోవాలి, నువ్వు వాడికోసం కుట్టిన చొక్కావి, ఇంకొకడికి పట్టవు' అన్నాడు. నాకు ఇరవై ఏడేళ్లు. బంతి లాక్కోవడం తప్ప నాకేం వచ్చురా? లాక్కున్న బంతి ఇవ్వడానికి నువ్వు ఉండాలి. ప్రెసిడెంటు దగ్గరికి నేనే వెళ్లాను. డబ్బడగలేదు. రెండేళ్లు నన్ను ఉంచమన్నాను, అంతే. నిన్ను ఒక్క ఏడాది ఆపితే చాలనుకున్నాను. ఒకే ఒక్క ఏడాది. పెద్ద క్లబ్బు ఎక్కడికి పోతుంది, మళ్లీ వస్తుంది అనుకున్నాను. నీ మోకాలు పోతుందని నాకు కల వచ్చిందా? నువ్వు పేపరు పట్టుకుని గరాజ్‌కి వచ్చినప్పుడు చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆర్దూయినో పేరు వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలీదు. నువ్వు అంత తొందరగా నమ్ముతావనుకోలేదు. ఇంకోటి కూడా విను. ఆర్దూయినోకి తెలుసు. నేను ప్రెసిడెంటు గదిలోంచి బయటికొస్తుంటే మెట్ల మీద చూశాడు. ఆయన సంచితో నిన్ను దాటుకుని పోయిన సాయంత్రమే నేను వాళ్లింటికి వెళ్లి కాళ్లు పట్టుకున్నాను, రేపే దేలియోకి చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు. 'వాడికి నేనెలాగూ లేను. నువ్వు కూడా లేకపోతే వాడికి బంతి ఎవడిస్తాడు?' అన్నాడు. ఊళ్లో అందరి సంగతులూ చెప్పే మనిషి, నా సంగతి పెళ్లాంతో కూడా అనకుండా పోయాడు. పేటిక మోశాను కదా, ఆ రోజు కూడా నువ్వు రోడ్డుకి అవతల నిలబడి ఉంటే చూశాను. వచ్చి చెప్పొచ్చు. చెప్పలేదు. నిన్ను మోసం చెయ్యనురా ఇంక. ఇవాళ నువ్వొచ్చి అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడక్కపోతే ఎప్పటికీ చెప్పేవాణ్ని కాదు."